ఆగిన బండికి వెనుక నూరు మీటర్లు

రాయచూరు నుంచి పడమరగా వెళ్తే కల్మల దగ్గర దారి చీలుతుంది. ఒకటి లింగసుగూరు, హట్టి బంగారు గనుల వైపు పోతుంది. ఇంకొకటి మాన్వి, సింధనూరు, గంగావతి మీదుగా సాగి హావేరి జిల్లా శిగ్గావి చేరుతుంది. కర్ణాటక రాష్ట్ర రహదారుల జాబితాలో 23వ నంబరు దారికి కల్మల–శిగ్గావి అనే పేరు. రాయచూరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా. తుంగభద్ర డ్యామ్ వచ్చాక కోస్తా నుంచి వలస వచ్చి క్యాంపులు కట్టుకున్న తెలుగు రైతుల బియ్యం ఈ దారినే బయటికి పోతుంది. పత్తి రోజుల్లో రాయచూరు మార్కెట్‌కు ట్రాక్టర్లు బారులు తీరతాయి. మంత్రాలయం భక్తుల కార్లు, కల్యాణ కర్ణాటక రోడ్డు రవాణా సంస్థ బస్సులు, బ్యాడిగ మార్కెట్‌కు వెళ్లే మిర్చి లారీలు అన్నీ ఇక్కడివే. ఇంత బరువు మోసే ఇలాంటి దారి మీద బండి చెడిపోయి ఆగితే ఏమవుతుంది, ఆగిన బండిలో చట్టప్రకారం ఏమేం ఉండాలి, ఉన్నవి పనికొస్తున్నాయా అన్నది ఈ వ్యాసం విషయం.

ముందు, జరిగేదేమిటో చూద్దాం. రాత్రి పూట బియ్యం లోడుతో పోతున్న లారీకి కమాను కట్ట విరిగిందనుకోండి. డ్రైవరు చేతనైనంత ఎడమకు లాగుతాడు. అయినా తారు అంచుకూ పక్క మట్టికీ మధ్య ఎత్తు ఎక్కువ కాబట్టి లోడు బండిని పూర్తిగా దించితే ఒరుగుతుందని భయం. సగం బండి రోడ్డు మీదే ఉండిపోతుంది. “ఒరే, వెనక రెండు రాళ్లు పెట్టరా” అంటాడు డ్రైవరు. క్లీనరు సెల్‌ఫోన్ వెలుతురులో రాళ్లు ఏరుకొస్తాడు. రెండు చక్రాల కింద పెడతాడు, మిగిలినవి బండి వెనుక ఐదారు గజాల దూరంలో అర్ధచంద్రాకారంగా పేరుస్తాడు. పక్కనే తుమ్మచెట్టు ఉంటే ఓ కొమ్మ విరిచి బంపర్‌కు కడతాడు. పార్కింగ్ లైట్లు వేస్తే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుందని అవి ఆర్పేస్తారు. మెకానిక్ కోసం ఒకరు పోతే, మిగిలినవాడు చల్లగా ఉంటుందని లారీ కిందే తుండు పరుచుకుని పడుకుంటాడు. మూడు దశాబ్దాల నాడు ఇలాగే చేసేవాళ్లు, నేడూ ఇలాగే చేస్తున్నారు. దీన్ని డ్రైవర్ల నిర్లక్ష్యమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. వెనుక వచ్చేవాడికి తెలియజెప్పాలన్న బుద్ధి ఆ కొమ్మలోనూ, ఆ రాళ్లలోనూ ఉంది. చేతికి సరైన వస్తువు అందలేదు, ఎంత దూరంలో పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

రాళ్ల కథ అక్కడితో అయిపోదు. మరమ్మతు అయ్యాక బండి కదిలిపోతుంది, రాళ్లు రోడ్డు మీదే ఉంటాయి. ఆ వెనుక వచ్చే మోటార్‌సైకిల్ వాడికి అవి మృత్యువులు. మన పల్లె రోడ్ల మీద రాత్రిళ్లు బైకులు పడిపోవడానికి ఇదొక కారణమని ప్రతి పంక్చర్ షాపువాడికీ తెలుసు. చక్రం కదలకుండా పెట్టే చెక్క దిమ్మె లారీలోనే ఉంటే ఈ బాధ తప్పుతుంది. దాని ఖరీదు ఒక పూట భోజనం ఖరీదు కూడా కాదు.

ఐదారు గజాలు ఎందుకు చాలవో లెక్క వేసి చూస్తే అర్థమవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. ముందున్నది ఆగిన బండి అని మెదడుకు తట్టి, కాలు బ్రేకు మీదికి చేరేందుకు మన రోడ్ల ఇంజినీర్లు రెండున్నర సెకన్లు లెక్క కడతారు. అంటే బ్రేకు పడకముందే 55 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు పట్టుకుని బండి నిలబడేందుకు ఇంకా దూరం కావాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఆ వేగంలో ఆగడానికి కనబడాల్సిన దూరం 120 మీటర్లు. 100 కిలోమీటర్ల వేగమైతే 180. ఇవి బ్రేకులు, టైర్లు బాగున్న బండికి, మెలకువగా ఉన్న డ్రైవరుకు వేసిన లెక్కలు.

ఇటు వెలుతురు సంగతి చూడండి. కల్మల లాంటి రెండు వరుసల దారిలో ఎదురుగా బండి వస్తుంటే డిప్ కొట్టాలి. డిప్ వెలుతురులో దుమ్ము పట్టిన లారీ వెనుక భాగం నలభై యాభై మీటర్లకు గానీ కనబడదు. ఎదుటివాడు డిప్ కొట్టకపోతే కళ్లు చెదిరి అదీ కనబడదు. 120 మీటర్లు కావాల్సిన చోట 50 మీటర్లే దక్కితే, మిగిలిన 70 మీటర్లలో ప్రాణాలు పోతాయి. హెచ్చరిక త్రిభుజం, అంటే డ్రైవర్లు ట్రయాంగిల్ అనే ఎర్ర ముక్కోణం, పూడ్చేది ఆ లోటునే. అద్దం వెలుతురును పక్కకు కొడుతుంది. ట్రయాంగిల్ మీది రిఫ్లెక్టర్ అలా కాదు, ఏ హెడ్‌లైటు నుంచి వెలుతురు వచ్చిందో తిరిగి అటే పంపుతుంది. అందుకే డిప్‌లోనూ చాలా దూరానికి మెరుస్తుంది. యూరప్ ప్రమాణంలో దాని ఒక్కో భుజం అర మీటరు. అయితే లారీకి ఆనించి పెడితే దాని గుణమంతా వృథా. వెనుక నూరు మీటర్లు నడిచి పెట్టినప్పుడే అది పని చేస్తుంది. మన పల్లెల్లో కరెంటు స్తంభాల మధ్య సుమారు యాభై మీటర్లుంటాయి కాబట్టి, రెండు స్తంభాలు దాటి పెట్టాలని గుర్తుంచుకుంటే చాలు.

ఈ లోటు ఎంత మందిని బలి తీసుకుంటోందో చుట్టుపక్కల జరిగినవే చెబుతాయి. 2023 అక్టోబర్ 26న పొద్దున్నే, పొగమంచులో, చిక్కబళ్లాపురం దగ్గర 44వ జాతీయ రహదారి మీద ఆగి ఉన్న ట్యాంకర్‌ను టాటా సుమో వెనుక నుంచి గుద్దింది. పొట్టకూటి కోసం బెంగళూరు వైపు పోతున్న కూలీలు, వాళ్లలో ఆంధ్రప్రదేశ్ వాళ్లూ ఉన్నారు, 13 మంది చనిపోయారు. 2024 ఏప్రిల్ 25న కోదాడ దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి మీద ఆగిన లారీ కిందికి కారు దూసుకుపోయి ఒకే కుటుంబానికి చెందిన ఆరుగురు పోయారు. రెండు నెలలు దాటగానే, జూన్ 28 తెల్లవారుజామున, హావేరి జిల్లా బ్యాడిగ దగ్గర ఎల్లమ్మ దర్శనం చేసుకుని వస్తున్న టెంపో ట్రావెలర్ ఆగిన లారీని కొట్టి మరో 13 మంది మరణించారు. కల్మల దారి చివరన ఉన్నదీ ఆ జిల్లాయే.

2025 అక్టోబర్ 24 నాటి కర్నూలు దుర్ఘటనను కూడా నేను ఈ వరుసలోనే చేరుస్తాను. చిన్నటేకూరు దగ్గర రాత్రి ఒక బైక్ జారి పడింది, నడిపే అతను చనిపోయాడు, బైక్ రోడ్డుకు అడ్డంగా ఉండిపోయింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు దాని మీదికెక్కి ఈడ్చుకుపోయింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ తర్వాత చర్చంతా బస్సు సీట్ల మీద, కిటికీ అద్దాల మీద, మద్యం మీద నడిచింది. అవన్నీ నడవాల్సిన చర్చలే. కానీ చీకట్లో రోడ్డు మీద ఒక అడ్డంకి పడి ఉందని వెనుక వచ్చేవాళ్లకు తెలియజెప్పే ఒక్క ఎర్ర దీపం అక్కడ లేకపోయిందన్న మాట తక్కువగా వినబడింది. అటుగా పోయినవారి దగ్గర ఒక ట్రయాంగిల్, ఒక టార్చి, బండి ఆపే ధైర్యం ఉంటే ఆ బస్సు ఆగేదేమో. దేశం మొత్తం చూసినా 2022 లెక్కల్లో రకరకాల ప్రమాదాలలో వెనుక నుంచి గుద్దినవే అన్నిటికన్నా ఎక్కువ, ఐదింట ఒక వంతు పైమాటే. ఆ ఏడాది రోడ్ల మీద మరణించినవారు 1,68,491 మంది.

చట్టం ఏమంటోంది? చట్టం లేదనే మాట తప్పు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 138వ నిబంధన ప్రకారం కొత్త బండితో పాటు ప్రథమ చికిత్స పెట్టె, హెచ్చరిక త్రిభుజం ఇవ్వాలి. త్రిభుజం ఎలా ఉండాలో ఏఐఎస్–022 అనే ప్రమాణం చెబుతుంది. 104వ నిబంధన ప్రకారం సరుకు బండ్లకు ముందు తెల్ల, వెనుక ఎర్ర, పక్కల పసుపు రిఫ్లెక్టర్ టేపు అంటించాలి. పార్కింగ్ లైట్లకు 109వ నిబంధన ఉంది. కారు లారీ కిందికి దూరిపోకుండా వెనుక అడ్డకమ్మీ ఉండాలన్నదీ నిబంధనే. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ బండిని ప్రమాదకరంగా వదిలిపెట్టడాన్ని నిషేధిస్తుంది. 127వ సెక్షన్ రాకపోకలకు అపాయంగా వదిలేసిన బండిని పోలీసు అధికారి వెంటనే తీయించవచ్చంటుంది.

చిక్కంతా ఇవి ఎక్కడ ఆగిపోయాయన్న దగ్గరే ఉంది. త్రిభుజం నిబంధన ఊపిరి షోరూమ్ గడప దగ్గరే ఆగిపోయింది. కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ 15 ఏళ్లలో డిక్కీలో ట్రయాంగిల్ ఉందా లేదా అని చూసే అధికారి ఎవరూ లేరు. అది ప్లాస్టిక్ కవరు విప్పకుండానే స్టెపినీ కింద పడి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారేటప్పుడు జాకీ, పానా అడిగి తీసుకుంటారు గానీ ట్రయాంగిల్ అడిగేవాళ్లు అరుదు. లారీలకు ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఆ రోజుకు టేపు కొత్తగా అంటిస్తారు. వారం తిరిగేసరికి దాని మీద మట్టి పేరుకుంటుంది, లేదా టార్పాలిన్ కిందికి వేలాడి కప్పేస్తుంది. టేపును గుడ్డతో తుడవడం బండి కడగడంలో భాగమని ఏ యజమాని చెప్పడు.

ట్రాక్టర్ ట్రైలర్ల సంగతి ఇంకా అధ్వానం. కల్మల దారిలో రాత్రి పూట నాకు అన్నిటికన్నా భయం కలిగించేది పత్తి నింపిన ట్రైలరే. పత్తి తేలిక కాబట్టి ఎత్తుగానే కాదు, వెడల్పుగానూ నింపుతారు. గోనెపట్టాలు రెండు పక్కలా ఉబ్బి ట్రైలర్ అంచు దాటి రోడ్డు మీదికొస్తాయి. వెనుక లైట్లుండాలన్నది నిబంధన. ట్రాక్టర్ నుంచి ట్రైలర్‌కు కలపాల్సిన వైరు ఎప్పుడో తెగిపోయి ఉంటుంది, లైటు ఉన్నా దాన్ని గోనె కప్పేస్తుంది. కుదురు పిన్ను ఊడినా, టైరు పేలినా ఆ ట్రైలర్‌ను రోడ్డు మధ్యే వదిలి ట్రాక్టర్ ఒక్కటే ఊళ్లోకి పోతుంది. అప్పుడు అక్కడ లైటు లేదు, బ్యాటరీ లేదు, మనిషి లేడు. నడిచే లారీలకన్నా నిలబడ్డ ట్రైలరే ఎక్కువ ప్రమాదం. రైతును దోషిగా నిలబెట్టడం వల్ల ఒరిగేది లేదు. అయితే అతని బండికి రెండు ఎర్ర రిఫ్లెక్టర్ పలకలు బిగించే పని ఎవరిదో తేల్చాలి.

శిక్షల సంగతికొస్తే, రాకపోకలకు అడ్డంగా బండి నిలిపినందుకు 201వ సెక్షన్ కింద గరిష్ఠంగా 500 రూపాయలు. అనుకోకుండా చెడిపోయి, తొలగించే ప్రయత్నంలో ఉన్న బండికి అది వర్తించదని 2019 సవరణ చెప్పింది. ఇది న్యాయమైన మినహాయింపు. భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ దారికి అడ్డం పెట్టినవారికి 5,000 దాకా జుర్మానా వేస్తుంది. ఈ మొత్తాలతో లారీ యజమాని మనసు మారదు. అతణ్ని కదిలించేది నష్టపరిహారం. ఆగిన బండిని గుద్దిన కారు డ్రైవరు చూసుకోలేదని, తప్పులో సగం అతనిదేనని, పరిహారంలో సగం కోసేయడం కోర్టుల్లో పాత అలవాటు. 2018లో ఆర్చిత్ సైనీ కేసులో, లైట్లు లేకుండా రోడ్డు మధ్య నిలిపిన గ్యాస్ ట్యాంకర్ విషయంలో సుప్రీంకోర్టు ఆ కోతను కాదంది. 2024 సెప్టెంబర్‌లో సుష్మ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. అది కర్ణాటక కేసు. హెచ్చరిక గుర్తులేవీ లేకుండా రోడ్డు మీద వదిలేసిన 14 చక్రాల ట్రైలర్‌ను కారు గుద్దితే, హైకోర్టు దాకా సగం తప్పు కారుదేనన్నారు. సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి, నిర్లక్ష్యం ట్రైలర్ వాళ్లదేనంది. ఈ తీర్పును లారీ యజమానుల సంఘాలు తమ డ్రైవర్లకు చదివి వినిపించాలి. కొన్ని వందల రూపాయల ట్రయాంగిల్ పెట్టామని ఒక ఫొటో తీసి ఉంచుకున్నా ఆ డ్రైవరు కోర్టులో నిలబడగలడు.

బయటి దేశాల అనుభవం మనకు రెండు రకాలుగా ఉపయోగపడుతుంది: వాళ్లు ఏం తప్పనిసరి చేశారన్నది ఒకటి, చేశాక ఏం నేర్చుకున్నారన్నది ఇంకొకటి. జర్మనీలో త్రిభుజం, ప్రథమ చికిత్స పెట్టెతో పాటు 2014 జూలై నుంచి మెరిసే జాకెట్ కూడా కారులో ఉండాలి. ఫ్రాన్స్ 2008లోనే జాకెట్‌ను, త్రిభుజాన్ని తప్పనిసరి చేసింది. అమెరికాలో లారీవాడి దగ్గర మూడు త్రిభుజాలుండాలి, ఆగిన పది నిమిషాల్లో వాటిని పెట్టాలి. రెండు వరుసల దారి అయితే ఒకటి బండి దగ్గర, ఒకటి వెనుక నూరు అడుగులకు, ఇంకొకటి ముందు వైపు నూరు అడుగులకు. ముందు కూడా పెట్టమనడం గమనించాల్సిన సంగతి. డివైడర్ లేని కల్మల దారి లాంటి చోట ఎదురుగా వచ్చేవాడికీ హెచ్చరిక కావాలి, ఎందుకంటే ఆగిన లారీని తప్పించబోయి వెనుకవాడు వచ్చేది అతని వరుసలోకే.

రెండో పాఠం ఇంకా విలువైనది. బ్రిటన్ రహదారి నియమావళి మామూలు రోడ్డు మీద కనీసం 45 మీటర్ల వెనుక త్రిభుజం పెట్టమంటుంది, మోటార్‌వేల మీద మాత్రం అసలు పెట్టవద్దంటుంది. అక్కడి వేగంలో త్రిభుజం పెట్టడానికి నడిచేవాడి ప్రాణానికే ముప్పు. ఎడమ తలుపులోంచి దిగి, కంచె అవతలికి పొమ్మంటుంది. స్పెయిన్ మరీ ముందుకెళ్లింది. త్రిభుజాలు పెట్టబోయి మనుషులు బండ్ల కింద పడుతున్నారని, 2026 జనవరి 1 నుంచి వాటి స్థానంలో వీ–16 అనే పసుపు మెరుపు దీపాన్ని తప్పనిసరి చేసింది. కారులోంచి చెయ్యి చాపి పైకప్పు మీద పెడితే అయస్కాంతంతో అంటుకుంటుంది, బండి ఆగిన చోటును ట్రాఫిక్ శాఖకు దానంతటదే తెలియజేస్తుంది.

అయితే ఇక త్రిభుజం వద్దా? మన దగ్గర కొందరు నిపుణులు స్పెయిన్ దారే మనదీ కావాలంటున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట్ల ఆ వాదన సరైనదే. అక్కడ గస్తీ బండ్లున్నాయి, వేగం ఎక్కువ, నడవడానికి చోటు లేదు. కానీ కల్మల–మాన్వి దారిలో మలుపుకు అవతల ఆగిన లారీ కప్పు మీది దీపం మలుపు ఇవతలివాడికి కనబడదు. ఆ సమాచారం అందుకుని పరుగున వచ్చే వ్యవస్థా ఇక్కడ లేదు. 1033 సహాయ నంబరు జాతీయ రహదారులకు మాత్రమే. రాష్ట్ర రహదారి మీద ఆగినవాడు 112కు ఫోన్ చేసుకోవాలి. కాబట్టి మన రెండు వరుసల దారులకు త్రిభుజమే ఇంకా చాలా కాలం ఆధారం. స్పెయిన్ నుంచి మనం తీసుకోవాల్సింది ఒక్కటే: త్రిభుజం పెట్టే మనిషిని కాపాడాక త్రిభుజం గురించి మాట్లాడాలి. ఆ మనిషికి మన నిబంధనల్లో ఏమీ ఇవ్వలేదు. బండితో ఇచ్చే సామాన్లలో మెరిసే జాకెట్ లేదు. చీకట్లో నల్ల బనియన్ వేసుకుని కుడివైపు టైరు విప్పుతూ, వీపు రోడ్డుకు తిప్పి కూర్చున్న క్లీనరు కుర్రాడు ఈ మొత్తం వ్యవహారంలో అందరికన్నా నిస్సహాయుడు. నష్టపరిహారం కేసుల్లో కూడా అతని పేరు చివరన వస్తుంది.

నా తీర్పు ఇది. కొత్తగా పెద్ద చట్టాలు అక్కర్లేదు, ఉన్న నిబంధనకు మూడు సవరణలు కావాలి. త్రిభుజం, ప్రథమ చికిత్స పెట్టెతో పాటు జాకెట్, టార్చి కూడా ఇవ్వాలి. లారీలకు, బస్సులకు, ట్రైలర్లకు ఒకటి బదులు రెండు త్రిభుజాలు, రెండు చెక్క దిమ్మెలు ఉండాలి. ఇవి బండి అమ్మిన రోజునే కాదు, రోడ్డు మీద ఉన్నంత కాలం బండిలో ఉండాలని నిబంధన స్పష్టంగా చెప్పాలి, కాలుష్య సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే వాటిని చూసే పద్ధతి పెట్టాలి. కారు పొగ పరీక్షకు ఎటూ వస్తుంది; డిక్కీ తెరిచి చూడటానికి ఒక నిమిషం చాలు.

సవరణలు వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులూ ఉన్నాయి. రాయచూరు మార్కెట్ యార్డు గేటు దగ్గర ప్రతి పత్తి ట్రైలర్ ఎలాగూ ఆగుతుంది. చీటీ రాసే చోటే వెనుక రెండు రిఫ్లెక్టర్లు అంటిస్తే ఒక్క సీజన్‌లో జిల్లా ట్రైలర్లన్నీ అయిపోతాయి. సింధనూరు, గంగావతి బియ్యం మిల్లుల వాళ్లు లోడు ఎత్తించేటప్పుడు టార్పాలిన్ టేపును కప్పకుండా చూడవచ్చు. డ్రైవింగ్ స్కూళ్లు లైసెన్సు పరీక్షకు ముందు ఒక్కసారైనా శిష్యుడి చేత త్రిభుజం విప్పించి, నూరు మీటర్లు నడిపించి పెట్టించవచ్చు. చాలామందికి దాని కాళ్లు ఎలా మడత విప్పాలో కూడా తెలియదు. చీకట్లో, వానలో, కంగారులో అది నేర్చుకునే సమయం కాదు.

చివరగా ఈ వ్యాసం చదువుతున్నవారికి, మీరు కారు నడిపేవారైతే, ఒక మనవి. ఈ రోజే డిక్కీ తెరిచి ట్రయాంగిల్ బయటికి తీయండి, విప్పి చూడండి, పైన దుమ్ముంటే తుడవండి. ఒక జాకెట్ కొని డిక్కీలో కాదు, డ్రైవరు సీటు పక్కన పెట్టుకోండి. బండి ఆగిన రోజున ముందు నాలుగు ఇండికేటర్లు వేయండి. జాకెట్ తొడుక్కుని ఎడమ తలుపులోంచి దిగండి. పిల్లల్ని, పెద్దవాళ్లను రోడ్డుకు దూరంగా, బండికి వెనుక కాకుండా పక్క చేను గట్టు మీద నిలబెట్టండి. ఆ తర్వాత త్రిభుజాన్ని చేతిలో ఎదురు వచ్చే వెలుతురుకు చూపిస్తూ, తారు దిగి మట్టి అంచునే రెండు స్తంభాల దూరం నడిచి పెట్టండి. బండి బాగయ్యాక త్రిభుజాన్ని తీసుకురండి. ఎవరైనా రాళ్లు పెట్టి ఉంటే వాటినీ తీసి పక్కన పడేయండి.